ఆర్53 మినీ కూపర్ ఎస్‌కు ఇంజెక్టర్లు: 380 చాలా, 440 కావాలా, 550 దాకా వెళ్లాలా? ట్యూనింగ్ ఎవరితో?

సెకండ్ హ్యాండ్‌లో పాత మినీ కూపర్ ఎస్, అంటే 2002 నుంచి 2006 దాకా వచ్చిన ఆర్53 కొన్నవాళ్లు కొన్నాళ్లకు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసే యంత్రం) పుల్లీ, అంటే దాని బెల్టు చక్రం, మార్చాను, ఇప్పుడు ఏ సైజు ఇంజెక్టర్లు వేయమంటారు?" వెంటనే ఎవరో ఒకరు "550 సీసీవి వేసెయ్, మళ్లీ మార్చే పనుండదు" అంటారు. ఆ సలహా నాకు నచ్చదు. ఇంజెక్టర్ పవర్ ఇవ్వదు. సిలిండర్‌లోకి వెళ్లిన గాలికి సరిపడా పెట్రోల్ అందించడమే దాని పని. గాలి పెరగకుండా ఇంజెక్టర్ ఒక్కటే పెంచితే ఐడిల్ గతుకుతుంది, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన వస్తుంది, మైలేజీ పడిపోతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా పాడవుతుంది. కాబట్టి సైజు సంగతి తర్వాత. ముందు మీకు ఎంత పవర్ కావాలో, ఆ కారును ట్యూన్ చేసేది, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చేది ఎవరో తేల్చుకోండి. ఈ రెండూ తేలితే సైజు దానంతటదే తేలుతుంది.

ఇంజిన్ గురించి కాస్త చెప్పుకుందాం, ఎందుకంటే ఎంపిక మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇది 1,598 సీసీ ట్రైటెక్ ఇంజిన్. క్రైస్లర్, బీఎండబ్ల్యూ కలిసి బ్రెజిల్‌లోని కాంపో లార్గోలో పెట్టిన ఫ్యాక్టరీలో తయారై, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో కారులోకి ఎక్కింది. దీని మీద ఉన్నది ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్. ఒక్క చుట్టుకు 45 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 0.74 లీటర్ల గాలిని తోస్తుంది కాబట్టి ఆ పేరు. మొదట్లో ఇంజిన్ 163 హెచ్‌పీ ఇచ్చేది, 2004లో చేసిన మార్పుల తర్వాత 170 అయింది. జాన్ కూపర్ వర్క్స్ (జేసీడబ్ల్యూ) కిట్‌తో మొదట 200, తర్వాత 210 దాకా వెళ్లింది. ఆ తర్వాతి జేసీడబ్ల్యూ కిట్‌లో కంపెనీ వేసిన ఇంజెక్టర్లు 380 సీసీవి. మామూలు కారులో ఉండేవి సుమారు 330 సీసీవి. ఇక్కడ సీసీ అంటే ఒక ఇంజెక్టర్ పూర్తిగా తెరుచుకుని ఉంటే నిమిషానికి వదిలే పెట్రోల్ పరిమాణం. ఈ 330, 380 అంకెలను గుర్తుపెట్టుకోండి, లెక్కలో మళ్లీ వస్తాయి.

సూపర్‌ఛార్జర్ బెల్టుతో తిరుగుతుంది. ఎగ్జాస్ట్ ఒత్తిడి పుంజుకునేదాకా టర్బో ఆగినట్టు ఇది ఆగదు, ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే అదీ అంత వేగంగా తిరుగుతుంది. అందుకే బూస్ట్, అంటే లోపలికి తోసే గాలి ఒత్తిడి, పెంచాలంటే సులువైన దారి చిన్న పుల్లీ. పుల్లీ 15 శాతం చిన్నదైతే సూపర్‌ఛార్జర్ 17.6 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది (1ని 0.85తో భాగించి చూడండి). 17 శాతం పుల్లీతో వేగం 20.5 శాతం పెరుగుతుంది, 19 శాతం పుల్లీతో 23.5 శాతం. అంకెలు చూస్తే 19 శాతమే మేలనిపిస్తుంది. కానీ ఎం45 చిన్న సూపర్‌ఛార్జర్, రూట్స్ రకం. ఒక వేగం దాటాక అది గాలి కంటే ఎక్కువగా వేడిని ఇస్తుంది. ఆ వేడి గాలికి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కి లాగుతుంది, మీరు డబ్బులు పెట్టి కొన్న పవర్ అక్కడే పోతుంది. రోజూ నడిపే కారుకు నేను 15 దగ్గరే ఆగమంటాను. 17 కావాలంటే ఇంటర్‌కూలర్ (తోసిన గాలిని చల్లబరిచేది) పెద్దది వేశాకే. 2006లో 2,000 కార్లు మాత్రమే చేసిన జీపీ మోడల్‌కు కంపెనీ వేసిన ఇంటర్‌కూలర్ మామూలుదాని కంటే పెద్దది, అది వేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

వీటన్నిటికంటే ముందు సూపర్‌ఛార్జర్ ఆయిల్ చూడాలి. ఆర్53లో సూపర్‌ఛార్జర్ వెనక చివరన చిన్న గేర్లు ఉంటాయి, వాటర్ పంపును తిప్పేవి అవే. ఆ గేర్‌కేసులో ఉండే కొద్దిపాటి ఆయిల్ ఏళ్ల తరబడి ఎవరూ మార్చరు. అది ఎండిపోతే గేర్ పళ్లు అరిగిపోయి వాటర్ పంపు ఆగిపోతుంది, ఇంజిన్ వేడెక్కి హెడ్ పోతుంది. ఇంతా చేసి పోయింది పిడికెడు గేర్లు, చెంచాల లెక్కన కొలిచే ఆయిల్. ఇరవై ఏళ్ల కారుకు ఇది చేయించకుండా చిన్న పుల్లీ వేసి ఆ గేర్లను ఇంకా వేగంగా తిప్పడం పెద్ద ముప్పు. అలాగే క్రాంక్ పుల్లీలోని రబ్బరు విడిపోవడం ఈ ఇంజిన్‌లో మామూలే. బెల్ట్ టెన్షనర్, ఇంటర్‌కూలర్‌కు రెండు వైపులా ఉండే రబ్బరు బూట్లు (గాలి దారిని కలిపే తొడుగులు), కంప్రెషన్ కూడా చూసుకోండి. బూటు చిరిగి బూస్ట్ లీకవుతున్న కారుకు ఏ ట్యూనర్ ఎంత మ్యాప్ (ఈసీయూ చూసుకునే పెట్రోల్, టైమింగ్ లెక్కల పట్టిక) రాసినా వృథా.

ఇక లెక్కలోకి వద్దాం. సూపర్‌ఛార్జర్ ఉన్న పెట్రోల్ ఇంజిన్‌లో ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు నిలబెట్టడానికి సుమారు 0.6 పౌండ్ల పెట్రోల్ కావాలని ట్యూనర్లు లెక్కేసుకుంటారు. నిమిషానికి 10.5 సీసీ అంటే గంటకు ఒక పౌండ్. ఇంజెక్టర్‌ను నూటికి నూరు శాతం తెరిచి ఉంచకూడదు, 85 శాతం దగ్గర ఆపాలి. ఈ లెక్కన నాలుగు 330 సీసీ ఇంజెక్టర్లు సుమారు 178 హెచ్‌పీ దాకా సరిపోతాయి, 380లు 205 దాకా, 440లు 237 దాకా, 550లు దాదాపు 297 దాకా. ఇవి క్రాంక్ దగ్గరి, అంటే ఇంజిన్ దగ్గరే కొలిచే అంకెలు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర కనిపించేది ఇంతకంటే తక్కువే, సుమారు 15 శాతం తేడా వేసుకోండి. ఇప్పుడు కంపెనీ ఏం చేసిందో చూడండి: 170 హెచ్‌పీ కారుకు 330 పెట్టింది, 210 హెచ్‌పీ కారుకు 380 పెట్టింది. మన ముతక లెక్క, వాళ్ల ఇంజినీర్ల ఎంపిక దాదాపు ఒకచోటే కలిశాయి. అందుకే నాకు ఈ లెక్క మీద నమ్మకం.

85 శాతం ఎందుకో కూడా చెప్పాలి. 7,000 ఆర్‌పీఎం దగ్గర ఒక సిలిండర్ నాలుగు స్ట్రోకులు పూర్తి చేయడానికి పట్టే సమయం 17.1 మిల్లీసెకన్లు. అందులో 85 శాతం అంటే 14.6 మిల్లీసెకన్లు. మిగతా రెండున్నర మిల్లీసెకన్లలో ఇంజెక్టర్ మూసుకుని మళ్లీ తెరుచుకోవాలి. ఆ మాత్రం వ్యవధి కూడా ఇవ్వకపోతే సూది సరిగ్గా మూసుకోదు, ఎంత పెట్రోల్ పడుతోందో ఈసీయూకే అదుపు ఉండదు.

ఇది ఎలా కనబడుతుందో ఒక మిత్రుడి కారు లాగ్‌లో (నడుపుతుండగా నమోదైన అంకెల్లో) చూశాను. 17 శాతం పుల్లీ, ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్, పాత 330 ఇంజెక్టర్లే. మూడో గేరులో పూర్తిగా తొక్కితే 5,000 దగ్గర గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.9, బాగుంది. 6,000 దాటేసరికి 12.5. 6,600 దగ్గర 13.2, ఇంజెక్టర్ డ్యూటీ (తెరుచుకుని ఉండే సమయం) 98 శాతం. అంటే బూస్ట్ ఎక్కువయ్యే చోటే పెట్రోల్ తగ్గిపోతోంది. డ్రైవర్‌కు మాత్రం ఏమీ తెలియదు, కారు బ్రహ్మాండంగా లాగుతున్నట్టే ఉంటుంది. కాస్త లీన్ అయినప్పుడు, అంటే గాలికి పెట్రోల్ తక్కువైనప్పుడు, ఇంజిన్ ఇంకా చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది కూడా. ఆ తర్వాత నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండడం) మొదలవుతుంది, అప్పుడు పోయేది పిస్టన్. కంపెనీ ఆక్సిజన్ సెన్సర్ 14.7 (పెట్రోల్, గాలి రెండూ మిగలకుండా కాలే నిష్పత్తి) చుట్టుపక్కల తప్ప సరిగ్గా చెప్పలేదు కాబట్టి ఇది దానిలో కనబడదు. ఈ నిష్పత్తిని ఎక్కడైనా సరిగ్గా చూపించే వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా పుల్లీ, ఇంజెక్టర్ల జోలికి వెళ్లొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆ గేజీ కొనడానికి డబ్బుల్లేకపోతే పుల్లీ కొనడం వాయిదా వేయండి.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

కారు మామూలుగానే ఉందా, లేక 15 శాతం పుల్లీ ఒక్కటే మార్చారా? అలాగైతే పాత ఇంజెక్టర్లనే తీసి అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేయించి, ఫ్లో టెస్ట్ చేయించి మళ్లీ వేయండి. ఈ ఒక్క పుల్లీతో చాలా కార్లు కంపెనీ మ్యాప్ మీదే ఏళ్లుగా నడుస్తున్నాయి. లెక్క ప్రకారం 190 హెచ్‌పీ దగ్గర డ్యూటీ 90 శాతం దాటుతుంది, అంటే పై ఆర్‌పీఎంలో ఇరుకే, కానీ ఇంజెక్టర్లు శుభ్రంగా ఉంటే నెట్టుకొస్తాయి. జాలీలో మడ్డి చేరి పది శాతం తక్కువ పోస్తున్న పాత ఇంజెక్టర్ అయితే మాత్రం ఆ ఇరుకే ప్రమాదమవుతుంది. కొత్తవి కొనే ముందు శుభ్రం చేయించి చూడడం చవకైన పని, చాలాసార్లు అసలు సమస్య అక్కడే తేలిపోతుంది.

15 శాతం పుల్లీకి తోడు ఇన్‌టేక్, హెడర్ (ఇంజిన్ నుంచి పొగను తీసుకెళ్లే మొదటి గొట్టాలు), ఎగ్జాస్ట్, మంచి ఇంటర్‌కూలర్ కూడా వేశారా? మీకు కావలసినవి 380లు. నూటికి తొంభై మందికి ఇదే సరైన ఎంపిక అని నా అభిప్రాయం. కంపెనీయే ఈ కారు కోసం ఎంచిన సైజు కాబట్టి ఫ్యూయల్ రైలులో (పెట్రోల్ అందించే గొట్టం), మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే భాగం) తిప్పలు పెట్టకుండా కూర్చుంటాయి. పాతవాటి కంటే 15 శాతమే పెద్దవి కాబట్టి ఐడిల్ మీద అదుపు పోదు. కొందరు వీటిని ట్యూన్ లేకుండానే వేసుకుంటారు. మామూలుగా నడిపేటప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్‌ను చూసి ఆ 15 శాతాన్ని తగ్గించుకుంటుంది, నిజమే. కానీ పూర్తిగా తొక్కినప్పుడు సెన్సర్‌ను పట్టించుకోకుండా మ్యాప్ ప్రకారం పోస్తుంది, అప్పుడు మిశ్రమం అవసరానికి మించి రిచ్ అయి, అంటే పెట్రోల్ ఎక్కువై, పవర్ తగ్గుతుంది. పైగా ఆ సర్దుబాటులో పెద్ద భాగాన్ని ఇంజెక్టర్లే తినేస్తే, రేపు నిజంగా ఎక్కడో వ్యాక్యూమ్ లీక్ వచ్చినప్పుడు సర్దుకోవడానికి ఈసీయూకు చోటుండదు. 380కైనా ట్యూన్ చేయించండి.

440 ఎవరికి? హెడ్ పోర్టింగ్ (సిలిండర్ హెడ్‌లోని గాలి దారులు సరిచేయడం) చేయించి, వాల్వులను తెరిచే క్యామ్ మార్చి, 17 శాతం పుల్లీతో 220 దాటాలనుకునేవాళ్లకు. పాతదానికంటే 33 శాతం పెద్దది. ఇక్కడ ట్యూన్ లేకుండా కారు స్టార్ట్ చేయడం కూడా మంచిది కాదు, ఈసీయూ సర్దుకోగల హద్దును అది దాటేస్తుంది. రాబోయే రెండు మూడేళ్లలో హెడ్ పని కచ్చితంగా చేయిస్తానని తెలిసినవాళ్లు ఇప్పుడే 440 వేసుకుంటే తప్పు లేదు. "ఎప్పుడైనా చేయిస్తానేమో" అనేవాళ్లు 380తో ఆగండి.

550 గురించి కొంచెం ఎక్కువే మాట్లాడాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఎం45 సూపర్‌ఛార్జర్‌తో మామూలు పెట్రోల్ మీద 297 హెచ్‌పీకి సరిపడా గాలి రాదు. రాని గాలికి పెట్రోల్ ఎందుకు? ఐడిల్‌లో ఇంజిన్‌కు కావలసింది చాలా కొంచెం. పాత ఇంజెక్టర్ దానికోసం 3 మిల్లీసెకన్లు తెరుచుకునేది అనుకుంటే, అందులో దాదాపు ఒక మిల్లీసెకను తెరుచుకోవడానికే పోతుంది, దీన్ని డెడ్ టైమ్ అంటారు. నిజంగా పోసేది రెండు మిల్లీసెకన్లు. 550 వేస్తే ఆ రెండు కాస్తా 1.2 అవుతుంది. అంత చిన్న వ్యవధిలో కొన్ని ఇంజెక్టర్లు ఒకసారి పోసినట్టు మరోసారి పోయవు. ఏసీ వేసి, హెడ్‌లైట్లు వేస్తే బ్యాటరీ వోల్టేజీ తగ్గి డెడ్ టైమ్ పెరుగుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణుకుతుంది. బాష్ ఈవీ14 లాంటి మంచి కొత్త తరం ఇంజెక్టర్, దాని పూర్తి వివరాలు తెలిసిన ట్యూనర్ ఉంటే 550తో కూడా ఐడిల్ చక్కగా నిలబడుతుంది. ఆ రెండూ ఉన్నప్పుడే కొనండి.

550కి నిజమైన అవసరం ఒకటుంది, ఈ85. 85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఈ ఇంధనం పరిమాణంలో 30 శాతం పైగా ఎక్కువ కావాలి, ఎందుకంటే దీని సరైన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 9.8. 380తో పెట్రోల్ మీద సరిపోయే కారుకు ఈ85 మీద దాదాపు 500 సీసీ కావాలి, కాబట్టి అక్కడ 550 అతి కాదు, అవసరం. ఈ85 సిలిండర్‌ను చల్లబరుస్తుంది, నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది. వేడితో సతమతమయ్యే ఎం45కు ఇంతకంటే మంచి మందు లేదని నా నమ్మకం. కానీ ఇంజెక్టర్‌తో పాటు పెట్రోల్ పంపు కూడా పెంచాలి. మీ ఇంటి దగ్గర ఈ85 బంకు ఉండాలి, దూర ప్రయాణంలో దొరక్కపోతే ఏం చేయాలో ముందే అనుకోవాలి, మైలేజీ తగ్గుతుంది. ఇవన్నీ ఒప్పుకున్నవాళ్లకే.

కొందరు ఇంజెక్టర్లు మార్చకుండా పెట్రోల్ ప్రెషర్ పెంచే రెగ్యులేటర్ అమ్ముతారు. ప్రెషర్ పెంచినంత నిష్పత్తిలో పెట్రోల్ పెరగదు, దాని వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 3.5 బార్‌ను 4 బార్ చేస్తే దక్కేది 7 శాతమే, 330 కాస్తా 353 అవుతుంది. పంపు మీద భారం మాత్రం బాగా పెరుగుతుంది. నేనైతే దీని జోలికి పోను. ఇక్కడే ఇంకో సంగతి: ఇంజెక్టర్ డబ్బా మీద ఉండే అంకె సాధారణంగా 3 బార్ దగ్గర కొలిచినది. ఆర్53 రైలులో సుమారు 3.5 బార్ ఉన్నా, మ్యానిఫోల్డ్‌లోని బూస్ట్ ఇంజెక్టర్ మూతి మీద ఎదురు నెడుతుంది. బూస్ట్ ఒక బార్ అయితే మిగిలే తేడా రెండున్నర బారే, అంటే డబ్బా మీద అంకె కంటే 9 శాతం తక్కువ పోస్తుంది. లెక్క సరిగ్గా అంచు మీద తేలితే పై సైజుకు వెళ్లమనేది ఇందుకే.

కొనేటప్పుడు చూడాల్సినవి. హై ఇంపెడెన్స్ ఇంజెక్టర్లే కొనండి, అంటే సుమారు 12 ఓమ్స్ ఉండేవి. పాత రేస్ కార్లకు వాడే 2, 3 ఓమ్స్ రకం పెడితే ఈసీయూలో ఇంజెక్టర్లను నడిపే సర్క్యూట్లు కాలిపోతాయి. కనెక్టర్ మీ కారుదేనా, పొడవు సరిపోతుందా అని అమ్మేవాళ్లను అడగండి. అన్నిటికంటే ముఖ్యం, నాలుగూ ఒకేలా పోస్తాయని ఫ్లో షీటు ఇవ్వాలి. చవకగా వచ్చిన ఒక 550 సెట్‌ను బెంచి మీద పెట్టి కొలిపిస్తే ఒకటి 519, ఇంకొకటి 560 పోసింది. ఆక్సిజన్ సెన్సర్ నాలుగు సిలిండర్ల పొగనూ కలిపి చూస్తుంది, సగటు సరిగ్గా ఉంటే అంతా సవ్యంగా ఉందనుకుంటుంది. 519 ఉన్న సిలిండర్ మాత్రం ఒంటరిగా లీన్‌లో మాడుతూ ఉంటుంది. నకిలీ బాష్ ఇంజెక్టర్లు మార్కెట్లో చాలా ఉన్నాయి, ధర నమ్మలేనంత తక్కువగా ఉంటే నమ్మకండి.

ట్యూనింగ్ దగ్గర కూడా ఇలాగే దారులు చాలా ఉన్నాయి. ఆర్53లో గాలిని నేరుగా కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేదు. మ్యానిఫోల్డ్ ప్రెషర్, గాలి ఉష్ణోగ్రత చూసి ఎంత గాలి వెళ్లిందో సీమెన్స్ ఈసీయూ అంచనా వేస్తుంది. క్యామ్, హెడ్, ఎగ్జాస్ట్ మారితే ఆ అంచనా తప్పుతుంది. అందుకే ఎవరి కారుకో రాసిన రెడీమేడ్ మ్యాప్ మీ కారుకు సరిగ్గా అతకదు. 15 శాతం పుల్లీ, 380 ఇంజెక్టర్లు అనే బాగా తెలిసిన జోడీకి మాత్రం మంచి ట్యూనర్ రాసిన రెడీమేడ్ మ్యాప్ కూడా పనిచేస్తుంది, అదీ వైడ్‌బ్యాండ్‌తో సరిచూసుకుంటేనే.

దగ్గర్లో ఆర్53 తెలిసిన షాపు లేనివాళ్లకు రిమోట్ ట్యూన్ నాకు బాగా నచ్చిన మార్గం. ట్యూనర్ ఫైలు పంపుతాడు, మీరు ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్‌కు తగిలించే సాకెట్) ద్వారా ఫ్లాష్ చేస్తారు, అంటే ఈసీయూలోకి ఎక్కిస్తారు, కారు నడిపి లాగ్ తీసి పంపుతారు, అతను సరిదిద్ది మళ్లీ పంపుతాడు. నెమ్మదిగా సాగుతుంది, ఓపిక కావాలి. కానీ చలి పొద్దున స్టార్టింగ్, ట్రాఫిక్‌లో పాకడం, ఏసీ వేసిన ఐడిల్ లాంటివి డైనో మీద దొరకవు, రోజూ నడిపే కారు లాగ్‌లోనే దొరుకుతాయి. డైనో ట్యూన్‌లో టైమింగ్‌ను భద్రంగా, ఒక్కో డిగ్రీ చొప్పున పెంచి చూడొచ్చు, రోడ్డు మీద అతివేగంతో ప్రమాదం కొనితెచ్చుకోనక్కర్లేదు. 440, 550 వేసేవాళ్లు డైనోకే వెళ్లండి. ఆ ఖర్చు ఇంజెక్టర్ల ఖర్చు కంటే ఎక్కువే అవుతుంది, ఆ డబ్బును మొదటి రోజే పక్కన పెట్టుకోండి. డైనో కంటే దాని ముందు కూర్చునే మనిషి ముఖ్యం. ఏ బ్రాండు కారునైనా ట్యూన్ చేస్తామనే పెద్ద షాపు కన్నా, ఈ సీమెన్స్ ఈసీయూ మీద పనిచేసిన చిన్న ట్యూనర్ మేలు. ఇంజెక్టర్లు కొనకముందే అతనికి ఫోన్ చేసి ఏ ఇంజెక్టర్ డేటా తన దగ్గర ఉందో అడగండి, అతను చెప్పిందే కొనండి.

యూనీచిప్ లాంటి పిగ్గీబ్యాక్ బాక్సులు ఒకప్పుడు వీటికి బాగా వేసేవాళ్లు. అవి సెన్సర్ సిగ్నళ్లను మార్చి ఈసీయూను నమ్మించి పని చేయిస్తాయి. ఈసీయూనే నేరుగా రాయగలిగే ఈ రోజుల్లో ఆ చుట్టుదారి అక్కర్లేదు. కంపెనీదాని బదులు పెట్టే స్టాండలోన్ ఈసీయూ అయితే ట్రాక్ కారుకే. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అది వేస్తే డాష్‌బోర్డు, ఏసీ, ఎలక్ట్రిక్ స్టీరింగ్ పంపు అన్నిటినీ దానితో కలపడమే ఒక ప్రాజెక్టు అవుతుంది.

మీరుండే ఊరు కూడా ఎంపికను మారుస్తుంది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు మనవాళ్లకు బంకులో దొరికే ప్రీమియం 91 ఆక్టేన్ (నాకింగ్‌ను పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె). టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్‌లో 93. వినడానికి రెండు పాయింట్లే, కానీ బూస్ట్ మీద నడిచే ఇంజిన్‌కు ఆ రెండు పాయింట్లు టైమింగ్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. కాలిఫోర్నియాలో 17 శాతం పుల్లీ వేసి 91 పోసి టెక్సస్ కారు అంకెలు ఆశించకండి. పైగా కాలిఫోర్నియాలో స్మాగ్ టెస్టులో (పొగ పరీక్షలో) రాష్ట్ర ఎయిర్ బోర్డు అనుమతి నంబరు లేని పార్టు కనబడితే ఫెయిలే, 2021 జులై నుంచి ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చారా అన్నదీ చూస్తున్నారు. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డాలస్, కాలిన్, హ్యారిస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమనే సలహా ఎవరిచ్చినా వినొద్దు, అది ఏ రాష్ట్రంలోనైనా చట్టవిరుద్ధమే.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. మినీ మన దేశానికి అధికారికంగా వచ్చింది 2012లో, అప్పటికే కూపర్ ఎస్‌లో సూపర్‌ఛార్జర్ పోయి టర్బో వచ్చేసింది. కానీ పైన చెప్పిన లెక్క మీ టర్బో పెట్రోల్ కారుకూ పనికొస్తుంది, ఇంజెక్టర్లు ఇన్‌టేక్ పోర్టులో ఉన్నదైతే. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ కారుకు లెక్క వేరు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) కాబట్టి సరైన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5 అని ట్యూనర్‌కు గుర్తుచేయండి. విదేశీ మ్యాప్ తెచ్చి నేరుగా ఎక్కించేవాళ్లతో జాగ్రత్త.

ఇక బిగించే రోజు. పెట్రోల్ లైన్‌లో ప్రెషర్ తీసేసి, బ్యాటరీ నెగటివ్ విప్పి మొదలుపెట్టండి. కొత్త ఓ-రింగులకు కొంచెం ఇంజిన్ ఆయిల్ రాయండి. పొడిగా నొక్కితే అంచు తెగుతుంది, ఆ తెగిన చోటు నుంచి వేడి ఇంజిన్ మీదకు పెట్రోల్ కారుతుంది. స్పార్క్ ప్లగ్గులు హీట్ రేంజ్‌లో ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా వదిలేవి) వేయండి. కొత్త మ్యాప్‌ను ముందుగానే ఫ్లాష్ చేసి, తాళం ఆన్ చేసి పంపు తిరగనిచ్చి, స్టార్ట్ చేయకుండానే టార్చి వేసి నాలుగు ఇంజెక్టర్ల మొదళ్లూ చూడండి. ఎక్కడా తడి లేకపోతేనే స్టార్ట్ చేయండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్ (సెన్సర్ చూసి ఈసీయూ పెట్రోల్‌లో చేసే సర్దుబాటు) ప్లస్ గానీ మైనస్ గానీ 5 శాతంలోపు ఉందా చూడండి. 10 దాటితే మ్యాప్‌లో ఇంజెక్టర్ వివరాలు తప్పినట్టే, ఎక్కడికీ వెళ్లకుండా ట్యూనర్‌కు చెప్పండి. అంతా బాగుంటే 4,000 ఆర్‌పీఎం లోపల, సగం కంటే తక్కువ తొక్కుతూ ఒక లాగ్ తీయండి. ట్యూనర్ దాన్ని చూసి సరే అన్నాకే మూడో గేరులో పూర్తిగా తొక్కండి, అప్పుడు పక్క సీటులో ఒకరు కూర్చుని వైడ్‌బ్యాండ్ చూస్తూ ఉండాలి. 93 ఆక్టేన్ మీద 11.8 నుంచి 12.2 మధ్య నిలబడాలి, 12.5 దాటిందని వాళ్లు చెప్పగానే కాలు తీసేయండి.